పిల్లమ్మ

నవల ప్రూఫులు దిద్దుతూ రెండుసార్లు కళ్లు తుడుచుకున్నాను. అందులో ఓ తెల్లావిడ నల్లవాళ్ల కథల్ని తన పేరున అచ్చేసుకుంటుంది. ప్రచురణకర్త ఆవిడ ఫొటోకు కాస్త నలుపు పూసి అట్ట మీద వేస్తాడు. నవల రాసినావిడ ఆ ఇద్దరినీ కడిగిపారేసింది.

ఆ నవల రాసిన రచయిత్రే ఇవాళ ప్రెస్సుకొచ్చి నా బల్ల ముందు కూర్చుంది. మంచి తెల్లటి మనిషి. నా చిన్నప్పుడు నోటుపుస్తకం పట్టుకుని మా నల్లవాళ్ల వాడకు వచ్చేది. నన్ను గుర్తుపట్టలేదు.

"తప్పులేమైనా ఉన్నాయామ్మా?"

"రెండు కామాలండీ, అంతే. అంకితం చివర 'ఇట్లు, పిల్లమ్మ' అని ఉంది, ఎవరండీ?"

ఆవిడ మొహం వెలిగిపోయింది. "నేనే! ఆ వాడలో ఓ అవ్వ నన్నలాగే పిలిచేది. పిల్ల, అమ్మ కలిస్తే పిల్లమ్మ. ఎంత ప్రేమో చూడు! ఆ ఇంట్లో విన్న కథలతోనే నా మొదటి పుస్తకం రాశాను."

"చాలా బాగుందండీ" అని పేజీ కింద సంతకం పెట్టేశాను. సంధి విడదీయడంలో ఆవిడ తప్పింది గానీ, అది దిద్దడం నా పని కాదు.

ఆవిడ గుమ్మంలో కనబడగానే మా అవ్వ లోపలికి కేకేసేది: "పిల్లమ్మొచ్చిందర్రా, పాలగిన్నె మీద మూత పెట్టండి!"