నేలమీద పాకే గ్యాసు

"ఆవిడ మళ్లీ వచ్చింది సార్," అన్నాడు గేటు దగ్గర సెక్యూరిటీ.

ఫోమ్ విభాగం మేనేజరుకి ఒళ్లు మండింది. మూడు రోజులుగా ఇదే వరస.

ఫ్రిజ్ గోడల మధ్య నురుగు పొంగించడానికి ఇన్నాళ్లూ వాడిన గ్యాసు భూమిని వేడెక్కిస్తుందని, దాని బదులు కొత్తది తెప్పించారు. పర్యావరణానికి మేలే. కానీ నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. సోమవారమే తొలి ట్రయల్. వారం నుంచి అతనికి కాలు ఒక చోట నిలవడం లేదు.

గేటు దాటుతుంటే ఆవిడ ఎదురొచ్చింది. యాభై ఏళ్లుంటాయేమో.

"బాబూ, గ్యాసు లీకైతే పసిగట్టే సెన్సర్లు ఎక్కడ పెట్టారు?"

"పైకప్పుకి. మీకెందుకమ్మా?"

"ఈ గ్యాసు బరువు బాబూ. పైకి పోదు, నేలమీదే పాకుతుంది. వాటిని కిందికి దించండి."

సెన్సర్లు అమ్ముకునే మనిషి కాబోలనుకున్నాడు. ఇంకోసారి ఈ ఛాయలకి రానివ్వొద్దని సెక్యూరిటీకి గట్టిగా చెప్పి వెళ్లిపోయాడు.

వెళ్లాడే గానీ, ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. అన్నం సహించలేదు. భార్య రెండుసార్లు పిలిస్తే గానీ పలకలేదు. సెన్సర్లు బిగించిన కాంట్రాక్టరుకి ఫోన్ చేస్తే, గ్యాసు పైకి పోక కిందికి పోతుందా అని నవ్వేశాడు. ఆ నవ్వుతో కుదుటపడాల్సింది పోయి, కంగారు ఇంకా ఎక్కువైంది.

ఆదివారం పూట ఎలక్ట్రీషియన్ని పిలిపించి, ఒక్క సెన్సరు మాత్రం పంపు పక్కన నేలకి జానెడు ఎత్తులో పెట్టించాడు. అదీ పైవాళ్లెవరికీ చెప్పకుండా.

సోమవారం ట్రయల్ మొదలైన పావుగంటకి ఆ ఒక్కటే కూసింది. పైనున్న ఆరూ ఉలకలేదు, పలకలేదు.

లైను ఆపేశారు. లోపల పనిచేస్తున్న పదకొండు మందీ క్షేమంగా బయటికి నడిచొచ్చారు. పంపు జాయింటు దగ్గర లీకు.

మేనేజరు గేటు దాకా పరుగెత్తాడు.

"ఆవిడేదీ?"

"మీరే కదా సార్ రానివ్వొద్దన్నారు. అదే చెప్పాను. వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు."

ఫోన్ నంబరైనా ఉందేమోనని విజిటర్ల రిజిస్టరు లాక్కుని చూశాడు. ఆ గడి ఖాళీ.

సంస్థ అన్న చోట, ఆరేళ్ల కిందట ఇదే గ్యాసు అంటుకుని తొమ్మిదిమందితో సహా కాలిపోయిన ఫ్యాక్టరీ పేరుంది.

హోదా అన్న చోట, గుండ్రటి అక్షరాలతో, 'ఫోమ్ విభాగం మేనేజరు' అని ఉంది.