ప్రజల ఆస్తి

నడిసముద్రంలో తేలుతుండాల్సిన మా వాతావరణ సంస్థకు మిగిలిన ఆఖరి యంత్రం రేవులో ఒక పడవ మీద కనిపించింది. ప్రవాహం ఎటు మళ్లుతోందో అది కబురు పంపకపోతే రాబోయే వానల సంగతి మేం తేల్చలేం.

"దీన్నెవరమ్మా దొంగిలించింది?" పడవ యజమానురాలి మీద విరుచుకుపడ్డాను. "లోకం మునిగిపోతున్నా మీకు పట్టదా?"

"అరవకు తమ్ముడూ, గొంతు పోతుంది. ఇలాంటివి ఇంకా ఉన్నాయి. అన్నీ మావాళ్లే తెచ్చారు. ఒక్క గీత పడనివ్వలేదు."

"నీళ్లలో ఉన్నవాటిని ఎందుకు తీశారు?"

"ఎవరో పెద్దమనిషి ఇంతగా బతిమాలి రాస్తే చూస్తూ ఎలా వదిలేస్తాం?"

ఆమె యంత్రాన్ని నావైపు తిప్పింది. పైవాళ్లు సంస్థ పేరు మాత్రమే రాయమన్నా వినకుండా, ఎర్ర రంగుతో నేను రాసిన మాటలే:

"ఇది ప్రజల ఆస్తి. కనిపిస్తే కాపాడండి."