ఎల్లేశా, పలుకు

స్పృహలేని మనిషికి సూది వేసేముందు నర్సు అరుణ అతని చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలిచింది. "ఎల్లేశా, పలుకు."

నర్సుల కష్టాల మీద పరిశోధనకని మెదక్ దవాఖానకు వచ్చిన చంద్రిక అక్కడే ఆగింది. ఆ మనిషి రోడ్డు పక్కన దొరికినవాడు. పేరూ ఊరూ ఎవరికీ తెలియవు.

"ఈయన పేరు తెలిసిందా సిస్టర్?"

"తెల్వది మేడం. ఎల్లేష్ మా తమ్ముడు. అమ్మ లేకుంటె నేనే సాదిన."

దుప్పటి సర్దుతూ చెప్పింది. "సకల జనుల సమ్మెప్పుడు సచ్చిపోయిండు. బస్సులు బంద్. నా బదులు డ్యూటీకి ఎవ్వలు రాలే, వార్డు ఇడిసిపెట్టి పోలేకపోయిన. ఆఖరుకు మా ఊరు కుల్చారం నడుసుకుంట పొయ్యేవరకు దింపుడు కల్లం దాటింది. పాడె దించి, చెవుల అందరు పిలిచిండ్రట. పలకలేదట."

చంద్రిక నోట్‌బుక్ తెరిచింది. అందరినీ అడిగే ప్రశ్నే అడిగింది. "మీకు ఏం సాయం కావాలి?"

అరుణ ఆ మనిషి తల నిమిరింది.

"చిన్నప్పటి సంది వాడు ఎవ్వలు పిలిచినా పలకడు మేడం. నేను పిలిస్తెనే పలికేటోడు."