లప్పం కింద

బీరువా తలుపు లోపలివైపు, ఊడిపోయిన లప్పం కింద, నాలుగు నాలుగుగా గోళ్ళ గీతలు బయటపడ్డాయి.

నీహారిక చేతిలో ఉప్పు కాగితం ఆగిపోయింది. గీతల మీద తన వేళ్ళు ఆనించి చూసుకుంది. సరిపోలేదు. అవి గీసిన వేళ్ళు ఇంకా సన్నవి, చాలా చిన్నవి. గీతలన్నీ కింది అర దగ్గరే, ఆమె నడుమెత్తు దాటకుండా ఉన్నాయి.

హాల్లో అత్తగారు భ్రమరాంబ పాపకు అన్నం తినిపిస్తోంది.

"ఇది కాకి ముద్ద. ఇది పిచ్చుక ముద్ద. ఇదేమో నాన్న ముద్ద."

సోమవారం నుంచి నీహారిక హైటెక్ సిటీలోని ఆఫీసుకు వెళ్ళాలి. ఇంటి నుంచి పని ఇక కుదరదన్నారు. రెండేళ్ళ పాపను చూసుకోవడానికి భ్రమరాంబ ప్రగతి నగర్‌లో ఇల్లు ఖాళీ చేసి, నాలుగు రోజుల క్రితమే గోపన్‌పల్లిలోని ఈ ఫ్లాట్‌కి వచ్చింది. వస్తూ వస్తూ ఈ టేకు బీరువాను బోరబండలో సెకండ్‌హ్యాండ్ షాపుకి ఇచ్చేసింది. పాత సామానుకు కొత్త రంగులు వేయడమంటే నీహారికకు ప్రాణం. అత్తగారు సంతోషిస్తుందని, చెప్పకుండా వెళ్ళి దాన్ని తిరిగి కొని తెచ్చింది. నిమ్మపండు రంగు వేసి పాప బట్టలకు ఇద్దామనుకుంది.

నిన్న బీరువాను చూడగానే భ్రమరాంబ సోఫాలో కూలబడింది. "ఎందుకు తెచ్చావమ్మా దీన్ని," అని మాత్రం అంది. కాసేపాగి, "గీకొద్దు. పైన రంగు పూసెయ్, చాలు," అంది. భర్త ఆదర్శ్ అయితే బీరువా పెట్టిన బాల్కనీలో అడుగే పెట్టలేదు. రంగు వాసన పడదన్నాడు. అప్పటికింకా డబ్బా మూతే తియ్యలేదు.

నీహారిక షాపు యాదగిరికి ఫోన్ చేసింది.

"ఏంది మేడం, వాపస్ ఇస్తవా ఏంది? నేనైతే తీసుకోను."

"అది కాదండీ. అమ్మేటప్పుడు మా అత్తగారు ఏమైనా చెప్పారా?"

"పెద్దమ్మ జర పరేషాన్ ఉండె. పగలగొట్టి కట్టెలకి ఇయ్యి, బీరువాగ మాత్రం ఎవ్వలకి ఇయ్యొద్దు అన్నది. మంచి టేకు మేడం, నాకు చెయ్యి రాలే. ఆమెకి చెప్పకు, ఏం?"

ఫోన్ పెట్టేసి నీహారిక మళ్ళీ ఆ గీతల వైపు చూసింది. ఆదర్శ్‌కి ఒక చెల్లెలుండేది. హరిత. నాలుగేళ్ళప్పుడు, ఒక మే నెలలో పోయింది. వడదెబ్బ అని చెప్పారు. పెళ్ళయిన ఆరేళ్ళలో అంతకుమించి ఒక్క మాట ఎవరూ అనలేదు.

ఆదర్శ్‌కి ఫోన్ చేసింది. "బీరువా లోపల గోళ్ళ గీతలున్నాయి. చిన్నపిల్లవి."

అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది.

"అమ్మనేం అడగకు నీహా. వస్తున్నా."

"అంటే నీకు తెలుసా?"

ఫోన్ కట్ అయింది. అప్పుడు గమనించింది, హాల్లోంచి ముద్దల పాట వినిపించడం లేదని.

హాల్లో ఎవరూ లేరు. పడకగది తలుపు వేసి ఉంది. తోసుకుని లోపలికి వెళ్ళింది. పాప మంచం మీద నిద్రపోతోంది. భ్రమరాంబ పక్కన కూర్చుని జో కొడుతోంది.

"తలుపెందుకు వేశారు?"

"ఏసీ చల్లదనం పోతుందని. ఏమైందమ్మా?"

నీహారిక పాపను ఎత్తుకుని బాల్కనీలోకి వెళ్ళి, అద్దాల తలుపు మూసి గొళ్ళెం పెట్టుకుంది. అద్దానికి అవతల భ్రమరాంబ వచ్చి తలుపు తట్టింది.

"ఎండలో పిల్లతో ఎందుకమ్మా? లోపలికి రా. పిల్లను నాకివ్వు."

నీహారిక పాపను ఇంకా గట్టిగా అదుముకుంది. భ్రమరాంబ చూపు ఆమె చేతులకంటిన తెల్లటి లప్పం పొడి మీద పడింది. ఆమె మళ్ళీ తలుపు తట్టలేదు. అక్కడే నేలమీద కూర్చుండిపోయింది.

పావుగంటకు ఆదర్శ్ వచ్చాడు. హెల్మెట్ కూడా తియ్యలేదు. నీహారిక అప్పుడు గానీ గొళ్ళెం తియ్యలేదు.

"హరితకి ఏమైందండీ అత్తయ్యా?"

"నీహా, నేను చెప్తా," అన్నాడు ఆదర్శ్.

"నువ్వు మాట్లాడకు నాన్నా," అంది భ్రమరాంబ, అతని వైపు చూడకుండానే. తర్వాత గడగడా అప్పజెప్పినట్టు చెప్పింది. "నేనేనమ్మా. అల్లరి చేస్తోందని లోపల పెట్టాను. పనిలో పడి మర్చిపోయాను. తీసి చూసేసరికి ప్రాణం లేదు. లప్పం పెట్టి రంగు వేసిందీ నేనే."

నీహారిక పాపను రెండో భుజం మీదికి మార్చుకుంది. "ఇంత జరిగాక, నా బిడ్డను చూసుకుంటానని ఎలా వచ్చారు?"

"తప్పే."

"మీ నీడ కూడా దీని మీద పడకూడదు. ఇవాళే వెళ్ళిపోండి."

"వెళ్తాను తల్లీ. మా అక్క దగ్గర ఉంటాను." ఒక్క మాట బతిమాలలేదు. లేచి వెళ్ళి, నాలుగు రోజుల క్రితం విప్పిన సంచీలో చీరలు సర్దుకుంది. పాప బుగ్గ తాకబోయి, నీహారిక ముఖం చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆదర్శ్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"జరుగు నాన్నా. నీకు దణ్ణం పెడతాను, జరుగు."

అతను జరగలేదు. తల్లి చేతిలోంచి సంచీ తీసుకుని కింద పెట్టాడు. భార్య ముఖంలోకి చూడలేక, ఆమె భుజం మీద నిద్రపోతున్న కూతురిని చూస్తూ అన్నాడు.

"అమ్మ ఆ పూట ఇంట్లోనే లేదు నీహా, బీరువాకి గడియ పెట్టి ఆడుకోడానికి పోయింది నేను."