పెన్సిల్ గీసిన చోటల్లా

"చూశావా నీ కూతురి నిర్వాకం? నన్ను విలన్‌ని చేసి కూర్చోబెట్టింది!"

సూపరింటెండెంటు ఆ మాట అంటూ పిల్లల పుస్తకాన్ని ఠపీమని డైనింగ్ టేబుల్ మీద పడేశాడు. ఆదివారం పొద్దున తోచక, కూతురి తలగడ పక్కనున్న పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. అట్ట మీద అలలు, పడవ, పడవలో ముగ్గురు పిల్లలు. లెక్కలు చేసుకోకుండా ఇదేం చదువని సణుగుతూ తెరిచినవాడు, కాఫీ చల్లారిపోయినా వదల్లేకపోయాడు. సాహసం అంత బాగుంది మరి. బాగుండనిదల్లా పెన్సిల్ గీతలే.

భార్య అతని చొక్కా ఇస్త్రీ చేస్తోంది. తలెత్తకుండానే అడిగింది.

"విలనెవరు అందులో?"

"లైట్‌హౌస్ కాపరి. తుఫానుకి కొట్టుకొచ్చిన పిల్లలు వాడి దీవిలో చిక్కుకుంటారు. పడవ ఉన్నది వాడొక్కడి దగ్గరే. మమ్మల్ని ఇంటికి పంపించండి అని ఎప్పుడడిగినా, వాడు కళ్ళజోడు తీసి తుడుచుకుని 'చూద్దాం' అంటాడు. కొట్టడు, తిట్టడు. చూద్దాం, అంతే! వాడు ఆ మాట అన్న చోటల్లా కింద పెన్సిల్ గీత."

"ఉంటే?"

"ఉంటే ఏమిటి? ఆ మాట ఈ ఇంట్లో ఎవరిది?"

భార్య నవ్వింది. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది మీ వరస."

ఆ నవ్వు అతనికి రుచించలేదు. ఆఫీసులో అతని వెనకాల జనం పిలుచుకునే పేరు 'చూద్దాంగారు'. ఆ సంగతి అతనికీ తెలుసు. ఏ ఫైలునీ కాదనడు, అవుననీ అనడు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని చూద్దామంటాడు. అడిగినవాడు కొన్నాళ్ళు తిరిగి తిరిగి, విసుగొచ్చి తనే మానేస్తాడు. ఇన్నాళ్ళూ దాన్ని తన ఓర్పనే అనుకుని మురిసిపోయాడు. బయటివాళ్ళు ఏమనుకుంటే ఏంగానీ, కన్నకూతురు గీతలు గీసి మరీ చెప్పిందంటే మాత్రం మనసు చివుక్కుమంది.

"పుస్తకం మొత్తం చదివారా?" భార్య ఇస్త్రీ పెట్టె నిలబెట్టి అడిగింది.

"సగం."

"మిగతాది కూడా చదవండి."

"చదవక? దాని మనసులో ఏముందో నాకు తెలియొద్దూ?"

ఆమె ఇస్త్రీ పెట్టె స్విచ్ ఆపింది. "ఏమండీ, ఆ స్కూలు వాళ్ళు ఆదివారమైనా సరే ఇవాళే వచ్చి ఏ సంగతో చెప్పమన్నారు. టీచరుగా చేరతానని చెప్పెయ్యనా?"

"చూద్దాంలే," అన్నాడతను పేజీ తిప్పుతూ.

ఆమె చొక్కా మడతపెట్టి కుర్చీ మీద ఉంచి లోపలికి వెళ్ళింది. కాసేపటికి చీర మార్చుకుని వచ్చింది. "తలుపు వేసుకోండి," అని చెప్పి వెళ్ళిపోయింది. ఎక్కడికని అతను అడగలేదు. అవతల పుస్తకంలో పిల్లలు కాపరి గదిలో పడవ తాళంచెవి కోసం వెతుకుతున్నారు.

సిగ్గు విడిచి చెప్పాలంటే, అతను ఇప్పుడు పిల్లల పక్షాన లేడు. కాపరి పక్షాన ఉన్నాడు. ఒక్కచోటైనా వాడు మంచిపని చేస్తాడేమో, ఒక్కరైనా వాడి గురించి మంచిమాట అంటారేమో అని ఆశగా చదివాడు. చేశాడు కూడా! ఈదురుగాలిలో పిల్లలు వణికిపోతుంటే, తన ఒక్కగానొక్క కంబళి తెచ్చి వాళ్ళకి కప్పాడు. అక్కడ గీత లేదు. మంచి చేసినచోట గీయడానికి పెన్సిల్ కరువైంది కాబోలు!

ఆఖరి పేజీకొచ్చేసరికి కాపరి గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. పిల్లలు చప్పుడు చెయ్యకుండా పడవ విప్పారు. 'ఈసారి వాళ్ళు అతన్ని అడగలేదు' అని ఉంది. ఆ వాక్యం కింద ఒకటి కాదు, రెండు గీతలు. పెన్సిల్ ఎంత గట్టిగా నొక్కారంటే కాగితం చిరిగింది.

పిల్ల ఇల్లు విడిచి పోదామనుకుంటోందా? ఇంత పసిది, ఇంత కోపం ఎలా దాచుకుంది?

"అమ్మలూ! ఒకసారి ఇలా రా."

బాల్కనీలో తాడాట ఆడుకుంటున్న కూతురు రొప్పుతూ వచ్చింది. అతను కుర్చీలోంచి దిగి, దాని ముందు నేలమీద చతికిలబడ్డాడు.

"నామీద కోపంగా ఉందా తల్లీ?"

"లేదే! ఎందుకు?"

"సైకిల్ అడిగితే చూద్దామన్నాను. సముద్రం చూపించమంటే చూద్దామన్నాను. తప్పు నాదే. ఇంక ఆ మాట అననే అనను, ఒట్టు. సాయంత్రమే వెళ్ళి సైకిల్ తెచ్చుకుందాం. నువ్వు మాత్రం నన్ను వదిలిపెట్టి ఎక్కడికీ వెళ్ళిపోకు, సరేనా?"

కూతురు విడ్డూరంగా చూసి కిసుక్కున నవ్వింది.

"నేనెక్కడికి పోతాను నాన్నా? నిజంగా సైకిల్ కొంటావా?"

"కొంటాను. కానీ నాకొక్క మాట చెప్పు. ఇంత బాధ పెట్టుకుని, నోరు తెరిచి నాతో అనకుండా, ఈ గీతలు గీస్తూ కూర్చున్నావేమే?"

కూతురు పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసింది.

"నేనెక్కడ గీశాను నాన్నా? ఇది నేనింకా తెరవనే లేదు. రోజూ నా పక్కన పడుకుని అమ్మే చదువుకుంటోంది, చేతిలో పెన్సిల్ పెట్టుకుని!"