రెండు నిమిషాలు చాలు

"ఇంకా ఎంతసేపే తల్లీ? నాన్నకి డ్యూటీ టైమవుతోంది!"

బాత్‌రూమ్ తలుపు మీద మెల్లగా తట్టిందామె. లోపల బ్రష్షు చప్పుడు ఆగలేదు. రంపంతో చెక్క కోస్తున్నట్టే ఉంది.

భుజాన తువ్వాలుతో ఆమె భర్త తలుపు ముందు పచార్లు చేస్తున్నాడు. సిటీ బస్సు డ్రైవరు. పొద్దుటి మొదటి బండి ఆయనదే.

"మహారాణిగారి దంతధావనం అయ్యిందా? లేకపోతే ఇవాళ్టికి అందరినీ నడిచి పొమ్మని చెప్పేయమంటారా?" అని గొంతు పెంచి అడిగాడు.

తలుపు తెరుచుకుంది. ఎనిమిదేళ్ళ పాప మూతి కూడా తుడుచుకోకుండా కంగారుగా బయటికొచ్చింది.

"సారీ అండీ నాన్నా."

"ఇంట్లో అండీ ఏంటే! నేనేమన్నా మీ హెడ్మాస్టర్నా?" నవ్వుతూ లోపలికి దూరాడాయన. తలుపు వేసుకోబోతూ, "ఈ శుభ్రం ఎవరి పోలికో గానీ, మా వైపైతే కాదు" అన్నాడు.

"మా వైపూ కాదులెండి" అందామె.

ఊళ్ళో తల్లులందరిదీ ఒక గొడవైతే ఆమెది ఇంకో గొడవ. కర్టెన్ల దుకాణంలో ఆమె పక్క మిషను మీద కుట్టే ఆవిడకి ఇద్దరు మగపిల్లలు. బ్రష్షు నీళ్ళలో తడిపి పెట్టేసి, తోమేసుకున్నామని కళ్ళార్పకుండా చెబుతారట.

"మీ పిల్లనో వారం మా ఇంటికి పంపు. మా వెధవలకి బుద్ధొస్తుంది" అందోసారి ఆవిడ.

"మా పిల్లని ఎక్కడికీ పంపను" అని ఈమె చటుక్కున అనేసింది. ఆవిడ బిత్తరపోయింది. సరదాకన్న మాటకి అంత విసురెందుకో ఆవిడకి అర్థం కాలేదు.

మొదట్లో ఆమె కూడా మురిసిపోయింది. లేవగానే తోముకునేది పాప. తిన్న ప్రతిసారీ తోముకునేది. ఎవరైనా ఇంటికొస్తున్నారంటే చాలు, ముందు వాష్‌బేసిన్ దగ్గరికి పరుగు. బంగారుతల్లి అనుకుంది. ఒకరోజు బేసిన్‌లో నురగ గులాబీరంగులో కనిపించింది. పేస్టు రంగేమో అనుకుంది. మర్నాడు అది ఎర్రగా ఉంది.

పళ్ళ డాక్టరు పెద్దావిడ. చిన్న అద్దం నోట్లో పెట్టి, అటూ ఇటూ తిప్పి చూసి నిట్టూర్చింది.

"ఇది పళ్ళు తోమడం కాదు తల్లీ, మాడిన గిన్నె రుద్దడం. చిగుళ్ళు ఎలా అరిగిపోయాయో చూడు."

బల్ల మీదున్న ప్లాస్టిక్ పళ్ళసెట్టు తీసి చూపించింది. "రోజుకి రెండుసార్లు. రెండేసి నిమిషాలు చాలు. మెత్తటి బ్రష్షు చిగురు దగ్గర ఏటవాలుగా పెట్టి, చిన్న చిన్న సున్నాలు చుట్టాలి. నొక్కకూడదు. పన్ను నీకేం శత్రువు కాదు."

"అలాగేనండీ" అంది పాప.

"మొదటి పన్ను ఎన్నో నెలలో వచ్చింది?" మందుచీటీ రాస్తూ తల్లినడిగింది డాక్టరు.

"గుర్తు లేదండీ."

డాక్టరు కళ్ళజోడు పైనుంచి ఓ చూపు చూసింది. ఆమె చూపు తిప్పేసుకుని, బాగానే ఉన్న పాప జడని మళ్ళీ సర్దింది.

కొత్త బ్రష్షు కొన్నారు. ఆ పూట నుంచీ తల్లీకూతుళ్ళు పక్కపక్కనే నిలబడి తోముకోవడం మొదలుపెట్టారు. రెండు నిమిషాలూ ఆమె ముక్కుతో ఏదో కూనిరాగం తీసేది. రాగం ఆగితే బ్రష్షు ఆగాలని ఒప్పందం. నురగమీసాలు చూసుకుని ఇద్దరూ నవ్వుకునేవారు. నవ్వుతూ కూడా పాప అద్దానికి దగ్గరగా జరిగి, తన పళ్ళే చూసుకునేది. నురగ తెల్లబడింది. ఆమె గుండె కుదుటపడింది.

ఆదివారం ఆయన అక్కగారు ఫోన్ చేసింది. మేనకోడల్ని చూడాలని ఉందనీ, మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాననీ అంది. ఆమె హడావిడిగా ఇల్లు సర్దుతోంది. కాసేపటికి గమనించింది, పాప అలికిడి లేదు. బాత్‌రూమ్‌లో కుళాయి ధారగా పోతోంది.

తలుపు తోసింది.

చెత్తబుట్టలో పారేసిన పాత గట్టి బ్రష్షు పాప చేతిలో ఉంది. ఎప్పుడు తీసి దాచుకుందో! శక్తికొద్దీ రుద్దుతోంది. గడ్డం మీదుగా ఎర్రటి నురగ కారి గౌను మీద పడుతోంది.

ఆమె బ్రష్షు లాక్కుంది. "ఎన్నిసార్లు చెప్పాలే నీకు? పళ్ళన్నీ ఊడి చేతిలోకొస్తే అప్పుడు తెలుస్తుందా?" పాప మీద ఆమె గొంతు లేవడం అదే మొదటిసారి.

పాప ఏడవలేదు. గబగబా నీళ్ళు పోసి, అరచేత్తో బేసినంతా శుభ్రంగా తుడిచేసింది. గోడకి ఆనుకుని నిలబడింది.

ఆమెకి ప్రాణం చివుక్కుమంది. తడినేల మీదే కూలబడి పాపని ఒళ్ళోకి లాక్కుంది. కొంగుతో మూతి తుడిచింది.

"ఎందుకే ఇంత కష్టం? బళ్ళో ఎవరైనా ఏమన్నా అన్నారా?"

తల అడ్డంగా ఊపింది పాప. ఆమె ముఖం దగ్గరికి జరిగి, నోరు తెరిచి, వెచ్చగా ఊపిరి వదిలింది.

"వాసన చూడమ్మా. రావట్లేదు కదా?"

"రావట్లేదు నాన్నా."

"నిజంగా?"

"నా మీద ఒట్టు. అసలు వస్తుందని నీకెవరు చెప్పారే?"

పాప ఆమె చెవి దగ్గర, ఎవరికీ వినపడకూడదన్నట్టు, మెల్లగా చెప్పింది.

"నోరు వాసనొస్తోందనే కదమ్మా, మీకంటే ముందు నన్ను పెంచుకున్న అమ్మావాళ్ళు మళ్ళీ తీసుకెళ్ళి ఆశ్రమంలో దింపేశారు."