తీపత్త చేతి నిమ్మరసం

"నాన్నా, నేల ఊగుతోంది" అంటూ పిల్ల మెట్ల దగ్గరే చతికిలబడింది.

దర్జీ ఒక్క అంగలో కూతురి దగ్గరికి చేరాడు. నుదుటి మీద చల్లటి చెమట, వేళ్ళలో వణుకు. సంగతి అర్థమైపోయింది. పిల్లకు చక్కెర జబ్బు. పొద్దున చక్కెర తగ్గించే ఇంజెక్షన్ వేయించుకుంది, మేనత్త ఇంటికొచ్చి ఆవిడ పిల్లలతో మేడ మీద గెంతులేస్తూ భోజనం మాటే మరిచింది. ఒంట్లో చక్కెర ఒక్కసారిగా పడిపోయింది. ఇలాంటప్పుడు వెంటనే తియ్యటిదేదైనా గొంతు దిగాలి. లేకపోతే స్పృహ తప్పుతుంది, ఆ పైన ఏమైనా కావచ్చు.

గ్లూకోజు పొట్లం కోసం చెయ్యి గుండెల మీదికి పోయింది. జేబు లేదు. సోకుకు పోయి జేబు లేకుండా తనే కుట్టుకున్న కొత్త చొక్కా అది. తన తెలివిని తనే తిట్టుకున్నాడు.

"చెల్లీ! తాగడానికి తియ్యగా ఏమైనా పట్రా, తొందరగా!"

చెల్లెలు జగ్గుతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. "పిల్లలకని నిమ్మరసం కలిపి పెట్టానన్నయ్యా. మరి దీనికి ఇవ్వనా?"

"ఇవ్వమనే కదా మొత్తుకుంటున్నాను!"

ఆవిడ తటపటాయించడంలో తప్పులేదు. పిల్లలందరూ ఆవిణ్ణి తీపత్త అంటారు. చెంచాడు వేయాల్సిన చోట గుప్పెడు వేసే చెయ్యి. పోయినసారి ఇలాగే గ్లాసు నిండా పోసిస్తే దర్జీ నలుగురిలో నోటికొచ్చినట్టు తిట్టాడు. "నా కూతుర్ని చంపుతావా? తీపన్నది దాని పెదవి తాకకూడదు" అన్నాడు. ఒక్కోసారి ఆ తీపే ప్రాణం నిలబెడుతుందన్న రెండో ముక్క మాత్రం చెప్పలేదు. చెప్తే ఆ సాకుతో రోజూ పోస్తుందని భయం. పాపం, చెల్లెలు ఆరోజు కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి పోయింది.

జగ్గు లాక్కుని చుక్క నాలుక మీద వేసుకున్నాడు. ఒకటే తీపి. హమ్మయ్య, దీని చెయ్యి మారలేదు! చెల్లెలు తన మాట పెడచెవిన పెట్టినందుకు జన్మలో మొదటిసారి సంతోషించాడు.

"తాగు తల్లీ, గటగటా తాగెయ్."

పిల్ల తాగింది. అతను మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఇప్పుడెలా ఉంది?"

"నిద్రొస్తోంది నాన్నా."

రెండో గ్లాసు పట్టించాడు. సగం గౌను మీద ఒలికింది. మామూలుగా అయితే ఈపాటికి తేరుకుని ఆటకు పరిగెత్తేది. ఇప్పుడు తల భుజం మీద నిలవడం లేదు. చెంపలు తట్టాడు. రెప్పలు బరువుగా లేచి మళ్ళీ వాలిపోయాయి.

"ఇంత తీపి లోపలికి పోయాక కూడా ఇదేమిటే..." అంటూ పిల్లను కుదిపాడు.

చెల్లెలు పక్కన కూలబడి అన్న చెయ్యి పట్టుకుంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు, ఆ నీళ్ళ మధ్యే ఏదో చిన్న గర్వం.

"తీపి తాగిందనా నీ హడలు? నేనంత మతిలేనిదాన్నా? నువ్వు తిట్టిన మర్నాడే కొట్లన్నీ తిరిగి, చక్కెర జబ్బు వాళ్ళు వాడే పొడేదో వెతికి తెచ్చాను. ఎంత తాగినా దానికేం కాదు."

దర్జీ తలెత్తి చూశాడు.

"అది చక్కెర తీపి కాదన్నయ్యా."